‘మంచిగనే ఉంది మేడం’



సాయంత్రం ఆరు గంటల వేళ పటాన్‌చెరు దగ్గరి ఇస్నాపూర్ చౌరస్తాలో కాసేపు నిలబడండి. పాశమైలారం పారిశ్రామికవాడ దిక్కు నుంచి ఆడవాళ్లు గుంపులు గుంపులుగా వస్తుంటారు. భుజాన సంచి, సంచిలో ఖాళీ టిఫిన్ డబ్బా, మెడలో గుర్తింపు కార్డు. కొందరు నడుస్తూ నడుస్తూనే చేతులకు గాజులు ఎక్కించుకుంటుంటారు. ఒకామె పక్కకు ఆగి, చిన్న అద్దం తీసి బొట్టుబిళ్ల పెట్టుకుంటుంది. మందుల కంపెనీలో బిళ్లలు తయారయ్యే చోటికి, ప్యాకింగ్ చేసే చోటికి పోవాలంటే గాజులు, ముక్కుపుడక, పూలు, బొట్టు అన్నీ బయటే వదలాలి. తలకు టోపీ, మూతికి మాస్కు, ఒంటికి గౌను వేసుకోవాలి. ఎవరో మింగబోయే మందులో వెంట్రుక పడకూడదు, గాజుపెంకు పడకూడదు. నియమం సరైనదే. పొద్దున లాకర్లో పెట్టి పోయిన తమ సగం రూపాన్ని వాళ్లు సాయంత్రం ఈ చౌరస్తాలో మళ్లీ తొడుక్కుంటారు.

నేను సంగారెడ్డిలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. ఇల్లు రామచంద్రాపురంలో. ఇరవై ఏళ్లుగా ఈ దారినే వస్తూ పోతూ ఉన్నాను. బస్సులో పక్కన కూర్చున్న కంపెనీ ఆడవాళ్లను పలకరించడం నాకు అలవాటు. ఇక్కడ కంపెనీ అంటే ఫ్యాక్టరీయే. "ఏ కంపెనీ అక్కా?" "ఎన్నేండ్లాయె?" "పని ఎట్లుంది?" మొదటి రెండింటికీ మనిషికో జవాబు వస్తుంది. మూడో ప్రశ్నకు మాత్రం దాదాపు అందరిదీ ఒకటే మాట.

"మంచిగనే ఉంది మేడం."

ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది ఆ మాట గురించి, అందులో ఉన్న ఆ చిన్న ‘నే’ గురించి.

మంచిగుంది వేరు, మంచిగనే ఉంది వేరు. మన భాషలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. కొత్తగా కాపురానికి పోయిన బిడ్డ మొదటిసారి పుట్టింటికి వస్తే తల్లి అడుగుతుంది, "అత్తగారింట్ల ఎట్లుంది బిడ్డా?" అని. "మంచిగుందమ్మా" అంటే తల్లి ఆ రాత్రి నిమ్మళంగా పడుకుంటుంది. "మంచిగనే ఉంది" అంటే ఆమెకు కంటి మీద కునుకు రాదు. ఇస్నాపూర్ కిరాయి గదుల్లో ఉండే బిహారు, ఒడిశా ఆడవాళ్లను అడిగినా "ఠీక్ హీ హై" అంటారు. హిందీలోనూ ఆ ‘హీ’ మన ‘నే’ చేసే పనే చేస్తుంది.

అయితే సర్వే కాగితంలో ఆ అక్షరానికి గడి ఉండదు. ఉద్యోగం పట్ల తృప్తి ఉందా, లేదా? ఒకటి నుంచి ఏడు దాకా ఎంత? ఆమె అన్న ‘మంచిగనే’ వెళ్లి ‘ఉంది’ అనే గడిలో పడుతుంది. అక్కడితో ఆ తల్లి నిద్రపోతుంది.

ఇది మన పటాన్‌చెరు సంగతి ఒక్కటే కాదు. 1982లో ఫే క్రాస్బీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఉద్యోగం చేసే ఆడవాళ్ల మీద ఒక పుస్తకం తెచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్ అనే ఊళ్లో జనాన్ని కలిసి అడిగింది. ఆడవాళ్లకు పనిచోట అన్యాయం జరుగుతోందా అంటే, జరుగుతోందని ఆ ఆడవాళ్లు చెప్పారు. మరి మీకు అంటే, నాకైతే ఏం లేదన్నారు. అదే పనికి మగవాళ్లకన్నా తక్కువ తెచ్చుకుంటున్నవాళ్లు ఆ మాట అన్నారు. నేను ఇది చదివిన వారంలోనే, బొల్లారంలో పనిచేసే ఒకామె బస్సులో నాతో అన్న మాట ఇది: "ఆడోళ్లకు యాడైనా తక్కువనే ఇస్తరు మేడం. నాకైతే మంచిగనే ఉంది." న్యూటన్ ఎక్కడ, బొల్లారం ఎక్కడ!

తర్వాత 1997లో ఆండ్రూ క్లార్క్ అనే అర్థశాస్త్రవేత్త బ్రిటన్ లెక్కలు తీశాడు. జీతం, హోదా, ఎదుగుదల ఏది చూసినా ఆడవాళ్లు వెనకే ఉన్నారు. తృప్తి అడిగితే మాత్రం మగవాళ్లను మించి చెబుతున్నారు. ఎందుకని? ఆయన చెప్పిన కారణం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. మనిషి తనకొచ్చిన దాన్ని తను ఎదురుచూసిన దానితో కొలుచుకుంటుంది. దోసెడు వస్తుందనుకున్న చోట గంపెడు వస్తే పండగే. గంపెడు రావాల్సి ఉందని ఆమెకు ఎవరూ చెప్పకపోతే దోసెడు కూడా పండగే. ఆ వ్యాసంలో నన్ను పట్టుకున్న సంగతి మరొకటి ఉంది. ఈ వింత తృప్తి కొందరు ఆడవాళ్లలో కనబడలేదు. వయసులో చిన్నవాళ్లు, పెద్ద చదువు చదివినవాళ్లు, మగవాళ్లే ఎక్కువగా ఉన్న చోట పనిచేసేవాళ్లు, మంచి ఉద్యోగం చేసిన తల్లుల బిడ్డలు, వీళ్లు మగవాళ్లకన్నా ఎక్కువ తృప్తి ఏమీ చెప్పలేదు. తల్లి పనిచేయడం చూస్తూ పెరిగిన పిల్లకు కొలమానం వేరేగా తయారవుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక ఒకప్పటి కమ్యూనిస్టు దేశాలకు పోదాం. ఆ దేశాలు మనకు అంత దూరమేమీ కాదు. రామచంద్రాపురంలో మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న భెల్ ఫ్యాక్టరీ 1960లలో చెకొస్లోవేకియా సాంకేతిక సాయంతో మొదలైంది. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్ సోవియట్ యూనియన్ సాయంతో వచ్చింది. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో 1980లలో తయారీ మొదలైన సారథ్ యుద్ధవాహనం సోవియట్ లైసెన్సుతో వచ్చిందే. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు బయటికొచ్చి పెట్టిన కంపెనీలతోనే ఈ చుట్టుపక్కల మందుల పరిశ్రమ మొలకెత్తింది. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసినవాడే. పాశమైలారంలో ఇవాళ బిళ్లలు ఏరుతున్న అక్కకు తెలియకపోవచ్చు గానీ, ఆమె కూర్చున్న బల్లకు ఒక కాలు మాస్కో దిక్కు ఉంది.

ఆ దేశాల్లో ఆడవాళ్లు పనికి పోవడం విశేషం కాదు, పోకపోతే విశేషం. 1970 నాటికి సోవియట్ ఉద్యోగుల్లో సగానికి పైగా ఆడవాళ్లే. బెర్లిన్ గోడ కూలేనాటికి తూర్పు జర్మనీలో పని వయసు ఆడవాళ్లలో పదిమందికి తొమ్మిది మంది దాకా ఉద్యోగంలోనో చదువులోనో ఉన్నారు. పసిపిల్లలకు బాలవాడీలు ఉండేవి, చాలాచోట్ల ఫ్యాక్టరీలే నడిపేవి. అట్లాగని అక్కడ స్వర్గం దిగి వచ్చిందని నేను చెప్పను. పెద్ద కుర్చీల్లో మగవాళ్లే కూర్చున్నారు. డ్యూటీ దిగిన ఆడమనిషి రొట్టె కోసం వరుసలో నిలబడి, ఇంటికొచ్చి వంట చేసి, బట్టలు ఉతికింది. రెండో డ్యూటీ అక్కడా ఆమెదే. కానీ ఒకటి జరిగింది. పని నా హక్కు, బిడ్డను చూసుకునే చోటు నా హక్కు, పక్కన మగమనిషికి ఎంతో నాకూ అంతే అని రెండు తరాల ఆడవాళ్లకు బడిలో, రేడియోలో, ఫ్యాక్టరీ గోడల మీద చెబుతూ వచ్చారు. పూర్తిగా ఇచ్చినా ఇవ్వకపోయినా, ఎదురుచూడడం మాత్రం నేర్పారు.

1989 తర్వాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, చాలా బాలవాడీలు ఎత్తేశారు. తూర్పు జర్మనీలో పని పోగొట్టుకున్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇంటికి పోయి పిల్లలను చూసుకోండన్నారు. వాళ్లు పోలేదు. పని కావాలని పేరు రాయించుకుంటూనే ఉన్నారు. దశాబ్దాలు గడిచాక కూడా ఆ తూర్పు వైపు తల్లులు పడమటి వైపు తల్లులకన్నా ఎక్కువగా పూర్తికాలం పనిచేస్తున్నారు. మధ్య, తూర్పు ఐరోపా దేశాల మీద వచ్చిన కొన్ని అధ్యయనాలు చూస్తే, బ్రిటన్‌లో కనబడిన ఆ ఆడవాళ్ల అదనపు తృప్తి అక్కడ అంత స్పష్టంగా కనబడదు. తక్కువ వస్తే తక్కువేనని అక్కడి ఆడవాళ్లు చెబుతారు. నా లెక్కలో అది ఆ సమాజం వాళ్లకు మిగిల్చిన ఆస్తి.

మనకూ అట్లాంటి చరిత్ర ఒకటి ఉంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు తుపాకి పట్టారు, దళాలు నడిపారు, ఉత్తరాలు మోశారు. పోరాటం విరమించాక వాళ్లలో చాలామందిని ఇంటికి పొమ్మన్నారు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు తిరిగి తిరిగి ఆ ఆడవాళ్ల మాటలు రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకంగా వేశారు. నేను చదువుకునే రోజుల్లో ఆ పుస్తకం ఒక రాత్రంతా కూర్చుని చదివాను. ఇల్లు, పిల్లలు, తిండి అన్నీ ఉన్నా, ఆ తర్వాతి జీవితాన్ని వాళ్లు ‘మంచిగనే’ అని సరిపెట్టుకోలేకపోయారు. ఒకసారి సమానం అన్న మాట చెవిన పడ్డాక మనిషి పాత కొలతకు తిరిగి రాదు.

ఇప్పుడు మళ్లీ మా ఇంటి వాకిట్లోకి వస్తాను. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక అత్తమ్మ ఉండేది. రక్తసంబంధం లేదు, అందరం అత్తమ్మా అనేవాళ్లం. ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు. ఆమె సాయంత్రం ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుందంటే ఫిర్యాదులే. సీనియారిటీ జాబితాలో తన పేరు కిందికి నెట్టారని. క్యాంటీన్‌లో చారు నీళ్లలాగా ఉందని. మగ క్లర్కుకు వచ్చిన ప్రమోషన్ తనకు రెండేళ్లు ఆలస్యమైందని, యూనియన్ ఆఫీసుకు పోయి అడిగి వచ్చానని. చిన్నపిల్లనైన నాకు, పాపం అత్తమ్మ ఉద్యోగం ఎంత చెడ్డదో అనిపించేది. పెద్దయ్యాక అర్థమైంది. అది మా వీధిలో ఒక ఆడమనిషికి ఉన్న అన్నిటికన్నా మంచి ఉద్యోగం. పర్మినెంటు ఉద్యోగం, పెన్షన్, ఆస్పత్రి, పిల్లల బడి. రేపు కూడా గేటు లోపలికి రానిస్తారనే ధైర్యం ఉంది కాబట్టి చారు బాగాలేదని చెప్పగలిగింది.

ఫిర్యాదు చేయడానికి కూడా పర్మినెంటు కావాలి. సోవియట్ యూనియన్ రద్దైన 1991లోనే మన దేశంలో కొత్త ఆర్థిక విధానం వచ్చింది. మన పి.వి. నరసింహారావు గారు ప్రధాని. ఆ తర్వాత ఈ దారిలో కొత్తగా వచ్చిన పనిలో చాలా భాగం కాంట్రాక్టర్ పని. అత్తమ్మ లాంటి ఉద్యోగాలు తగ్గాయి, చౌరస్తాలో గాజులు వేసుకునే ఆడవాళ్లు పెరిగారు. పని ఎట్లుంది అని అడిగితే అత్తమ్మ గంట చెప్పేది. వీళ్లు మూడు మాటల్లో ముగిస్తారు. ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి, రెండో ఆమెకే తృప్తి ఎక్కువని రాసుకుంటే ఎంత తప్పు!

ఆ మూడు మాటల వెనక ఏముందో కొంత చెబుతాను.

బిళ్లలను స్ట్రిప్పుల్లో బిగించేది బ్లిస్టర్ మిషన్. దాని దగ్గర ఆపరేటర్ ఉంటాడు. నేను మాట్లాడినవాళ్లందరి కంపెనీల్లోనూ అది మగమనిషే. మిషన్ చివర బెల్టుకు రెండు పక్కలా ఆడవాళ్లు. బిళ్ల లేని ఖాళీ గుంత ఉన్న స్ట్రిప్పును ఏరాలి. విరిగిన బిళ్ల ఉంటే ఏరాలి. మందు వివరాల కాగితం మడిచి, స్ట్రిప్పులతో కలిపి అట్టడబ్బాలో పెట్టి మూయాలి. స్ట్రిప్పు ఆగదు, కాబట్టి కన్ను ఆగదు. ఈ పనికి పేరు హెల్పర్. "ఎనిమిదేండ్ల సంది హెల్పర్నే మేడం. నేను డబ్బాలు కట్టుడు నేర్పిన పిల్లగాడు ఆపరేటర్ అయిండు" అంది ఒకామె. కోపంగా ఏమీ అనలేదు. వానలు లేటైనయి అన్నట్టు చెప్పింది.

అతను ఎందుకు అయ్యాడు, ఈమె ఎందుకు కాలేదు? మిషన్ మూడు షిఫ్టులు నడుస్తుంది. దాన్ని నడిపేవాడు వారం వారం షిఫ్టు మారాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లకు రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా పని పెట్టొద్దంది. తర్వాత్తర్వాత షరతుల మీద సడలింపులు వచ్చినా, ఆ గీత గీసిన దారి అట్లాగే నిలిచిపోయింది. రాత్రి ఉండలేని మనిషికి మిషన్ ఎందుకు నేర్పాలని సూపర్‌వైజర్ అనుకుంటాడు. మిషన్ రానామె హెల్పర్‌గానే ఉంటుంది. ఆడదాని మేలు కోరి పెట్టిన కంచె ఆమె చుట్టూనే మొలిచింది. రష్యాలోనూ ఇదే జరిగింది. సోవియట్ కాలం నాటి జాబితానే కొంత మార్చి, 2000లో అక్కడి ప్రభుత్వం ఆడవాళ్లు చేయకూడని పనులు 456 అని తేల్చింది. మాస్కో మెట్రో రైలు నడపడం అందులో ఒకటి. 2021 జనవరి నుంచి ఆ జాబితాను వందకు కుదించాకే ఆడవాళ్లు మళ్లీ ఆ రైలు నడపగలిగారు. మన దగ్గర 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్, ఆడమనిషి సమ్మతి ఉంటే, రక్షణ ఏర్పాట్లు చేస్తే రాత్రి పనికి తీసుకోవచ్చంటోంది. తలుపు తెరవడం మంచిదే. కానీ కాంట్రాక్టర్ చేతి కింద ఉన్న మనిషి ‘వద్దు’ అని చెప్పగలిగినప్పుడే ఆమె చెప్పిన ‘సరే’ సమ్మతి అవుతుంది. అర్ధరాత్రి ఇస్నాపూర్ నుంచి ఆమె గదిదాకా దీపాలు ఎన్ని వెలుగుతున్నాయో కూడా చూడాలి కదా.

ఇంకొకటి, నీళ్ల సీసా. కొన్నేళ్ల కిందట నా పక్కన కూర్చున్న ఒక అక్క సంచిలోంచి లీటరు సీసా తీసి గటగటా సగం తాగేసింది. ఎండాకాలం. "పొద్దున నింపుకొని పోయిన నీళ్లే మేడం" అంది. లోపలికి సీసా తీసుకుపోనివ్వరు, అది సరే. తాగే నీళ్లు కంపెనీలో బయటి గదిలో ఉంటాయి. ఒక్కసారి బాత్రూముకు పోవాలంటే గౌను విప్పాలి, టోపీ తీయాలి, కాళ్ల కవర్లు తీయాలి, రాగానే చేతులు కడిగి మళ్లీ అన్నీ కొత్తగా వేసుకోవాలి. పదిహేను నిమిషాలు. అంతసేపు బెల్టు దగ్గర ఆమె చోటు ఖాళీ. పక్కామె మీద భారం, సూపర్‌వైజర్ చూపు. అందుకని పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. నెలసరి రోజుల్లో ఎట్లా అని నేను అడగలేదు, ఆమే చెప్పింది. మూత్రంలో మంట, నడుములో నొప్పి అని ఈఎస్ఐ ఆస్పత్రికి పోయే ఆడవాళ్లలో ఎంతమంది రోగం ఈ పదిహేను నిమిషాల్లో ఉందో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును. అంతా చెప్పి, సీసా మూత బిగించి, చివరికి అదే మాట. "పని మంచిగనే ఉంది."

నాకు అప్పుడు కొంచెం కోపం వచ్చింది. ఆ కోపం ఆమె మీదే వచ్చిందని ఒప్పుకుంటాను. ఇంత చెప్పి మళ్లీ మంచిగనే అంటుందేమిటని. అప్పుడామె తన ఊరి సంగతి చెప్పింది.

ఆమెది నక్కవాగు పక్క ఊరు. ఈ ప్రాంతం తెలియని శ్రోతల కోసం చెబుతాను. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు 1970ల నుంచి పెరిగాయి. ఫ్యాక్టరీలు వదిలిన రసాయనాల నీళ్లు చెరువుల్లోకి, అక్కణ్నుంచి నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరలోకి చేరాయి. వాగు కింద వరి పండిన పొలాలు చెడిపోయాయి. బావినీళ్లు రంగు మారాయి. పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. ఈ అక్క అత్తగారిది ఆ వాగు కింద ఎకరంన్నర. నాట్లు వేస్తే కాళ్లు పొక్కేవని, చివరికి వేయడమే మానేశారని చెప్పింది. తర్వాత కొన్నేళ్లు కూలికి పోయింది. పత్తి ఏరడం, ఇటుక మోయడం. ఆ తర్వాత కంపెనీ.

"ఎండల పోయేటిది తప్పింది మేడం. నీడపట్టున పని. నెలకు జీతం బ్యాంకుల పడ్తది, మా ఆయన చేతికి పోదు. ఈఎస్ఐ కార్డున్నది. పిల్లకు ఫీజు కడ్తున్న."

ఇవి చిన్న విషయాలు కావు. తన పేరు మీద బ్యాంకు పుస్తకం ఉండటం ఆమె వంశంలో ఆమెతోనే మొదలు. ఈఎస్ఐ చందా తగినన్ని రోజులు పడితే కాన్పుకు 26 వారాలు జీతంతో సెలవు వస్తుంది. పత్తి చేనులో ఏ తల్లికీ ఇది లేదు. కాబట్టి ఆమె మాట అబద్ధం కాదు. తను వచ్చిన చోటి నుంచి కొలిచి చెప్పింది. నేను, చేరాల్సిన చోటి నుంచి కొలిచి, ఆమెకు తెలివి లేదనుకున్నాను. తప్పు నాదే. అయినా ఒక ప్రశ్న మిగిలింది, ఇవాళ్టికీ మిగిలే ఉంది. పొలాన్ని చంపిందీ కంపెనీలే, నీడ ఇచ్చిందీ కంపెనీలే అయితే, ఆ నీడకు ఆమె ఎంత రుణపడాలి?

మా సంగారెడ్డి జిల్లా ఆ కొసన, జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో, 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు తమ మాటల్లో, తమ యాసలో నడుపుతున్న రేడియో. కొర్రలు, జొన్నలు, కందులు ఏ చెలకలో ఏవి కలిపి వేయాలో, ఏ విత్తనం దాచాలో ఆ సంఘాల ఆడవాళ్లే తేల్చుకుంటారు. ఎర్రటి ఎండలో పని, రాళ్ల నేల, డబ్బు తక్కువ. నీడపట్టున లేరు. వాళ్లు పని గురించి మాట్లాడితే మాత్రం వినాలి! ఒక్క ‘నే’ కూడా దొర్లదు. మా విత్తనం, మా చెలక అంటారు. పనిలో తన మాట చెల్లుతుందా లేదా అన్నది నీడకన్నా, జీతంకన్నా లోతుకు పోయే సంగతి అని నాకు అర్థమైంది వాళ్ల దగ్గరే.

మళ్లీ మా దారికి వస్తే, 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో ఒక మందుల కంపెనీ పేలింది. నలభై మందికి పైగా పోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. వారం తిరక్కుండానే చుట్టుపక్కల కంపెనీల ఆడవాళ్లు అదే దారిన మళ్లీ డ్యూటీకి పోయారు. ఆ వారం బస్సులో నేను ఎవరినీ పని ఎట్లుంది అని అడగలేకపోయాను.

మార్పు ఏమీ లేదని చెప్పడం అన్యాయం. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. దీన్ని అందరూ మిగిలిన డబ్బుల లెక్కతోనే చూస్తారు. నేను మరొకటి చూశాను. ఇంతకుముందు ఛార్జీలకు భయపడి ఊరికి దగ్గరి కంపెనీలోనే, ఆ ఒక్క కాంట్రాక్టర్ దగ్గరే పడి ఉండేవాళ్లు. ఇప్పుడు ముత్తంగిలో నచ్చకపోతే బొంతపల్లి, అక్కడ నచ్చకపోతే సదాశివపేట. ఇంకో గేటు ఉందని తెలిసిన మనిషి ఈ గేటు దగ్గర కొంచెం తల ఎత్తి మాట్లాడుతుంది. 2022 మార్చి 8న సుల్తాన్‌పూర్‌లో, ఆడవాళ్లే యజమానులుగా, 50 ఎకరాల్లో పారిశ్రామిక పార్కు మొదలైంది. ఫ్యాక్టరీల రసాయనాల నీళ్లతో దెబ్బ తిన్న ఊళ్లలో సుల్తాన్‌పూర్ కూడా ఒకటి. యజమాని ఆడమనిషైతే బెల్టు దగ్గర నీళ్లు తాగే వీలు దొరుకుతుందా? దొరకాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చంటిపిల్లల గది సంగతి కూడా చెప్పాలి. యాభైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1948 చట్టమే చెప్పింది. 1976లో ఆ లెక్కను ముప్పైకి దించారు. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లను కూడా ఆ లెక్కలో కలపాలి. అంటే తూర్పు జర్మనీ పోనక్కర్లేదు, ఆ హక్కు మన పుస్తకంలోనే 75 ఏళ్లకు పైగా ఉంది. మీ కంపెనీలో ఉందా అని నేను అడిగినప్పుడు, అట్లాంటిది ఉంటుందని కూడా వినలేదన్నవాళ్లే ఎక్కువ. బిడ్డ ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఆదివారం ఆదివారం చూసి వస్తారు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, పనిచేసే తల్లుల బిడ్డల సంగతి.

ఆ నీళ్ల సీసా అక్క బిడ్డ మూడేళ్ల కిందట మా కాలేజీలో చేరింది. ఆమె బిడ్డేనని నాకు ఆలస్యంగా తెలిసింది. మొన్న డిగ్రీ అయిపోతుండగా ఒక మందుల కంపెనీ నుంచి క్యాంపస్‌కు వచ్చారు. నాణ్యత పరీక్షల విభాగంలో అప్రెంటిస్‌గా తీసుకుంటారు. ఈ పిల్లను అన్నీ అడిగి, చివర్లో ఆనవాయితీగా "నువ్వేమైనా అడగాలా?" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. పిల్ల కాసేపు ఆగింది. "లోపల బ్రేక్ ఎన్ని గంటలకొకసారి ఇస్తరు సార్? గౌను మార్చుకునే టైమ్ అండ్ల కలుస్తదా, వేరేగా ఉంటదా?" అంది. వచ్చినాయన మొహం చూశాను. ఆయనకు ఆ ప్రశ్న కొత్త. కనుక్కొని చెబుతామన్నాడు. నిజంగానే వారం తర్వాత కబురు చేశాడు, వేరేగానే ఉంటుందని. పిల్ల చేరింది.

తర్వాత కొద్దిరోజులకు ఇస్నాపూర్ చౌరస్తాలో ఆ అక్క కనబడింది. గాజులు వేసుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. బిడ్డ ప్రశ్న ఇంట్లో పెద్ద రగడే అయిందట. "గట్ల అడుగుతరా మేడం? పని ఇయ్యకపోతే ఎట్ల? మస్తు తిట్టిన." కాసేపు ఊరుకుంది. "అయినా నాకు గా సోయి ఎందుకు రాలె?" అంది. నన్ను అడిగినట్టు లేదు.

ఆమె ఎప్పుడూ బస్సు వదలదు. ఇంటికి పోయి అన్నం వండాలి, నీళ్లు పట్టాలి. బస్సు రావడం కనబడగానే కొంగు దోపి ముందుకు ఉరుకుతుంది. అలవాటు కొద్దీ నేను అడిగాను.

"పని ఎట్లుందక్కా?"

ఆమె నోరు తెరిచి, ఆగింది. బస్సు వచ్చి నిలబడింది. ఆడవాళ్లంతా ఎక్కుతున్నారు. ఆమె అటు చూసి, నా చెయ్యి పట్టుకొని పక్కనున్న టీకొట్టు బల్ల దాకా తీసుకుపోయింది.

"కూసో మేడం, చెప్త."

ఆ సాయంత్రం మేమిద్దరం మూడు బస్సులు వదిలేశాం.